ఆపిల్ చెట్టు బెరడు నుంచి తిరువూరు మందుల దుకాణం దాకా

మధుమేహం అనే పేరులోనే ఆ వ్యాధి లక్షణం ఇమిడి ఉంది. మధువు అంటే తేనె, మేహం అంటే మూత్రం పోవడం. మూత్రం తేనెవలె తియ్యగా ఉండడం, దానికి చీమలు పట్టడం మన ప్రాచీన ఆయుర్వేద వైద్యులు గమనించి గ్రంథస్థం చేశారు. అనేక శతాబ్దాల పాటు మూత్రంలో చక్కెర కనిపించడమే ఈ వ్యాధికి గుర్తు. మూత్రంలో చక్కెర తగ్గితే వ్యాధి తగ్గినట్లు, పెరిగితే వ్యాధి ముదిరినట్లు లెక్క.

అటువంటి వ్యాధికి నేడు మనం వాడుతున్న ఒక ముఖ్యమైన ఔషధ వర్గం చేసే పని ఏమిటంటే, మూత్రంలోకి చక్కెరను పంపించడం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్ ఈ వర్గానికి చెందినవి. తిరువూరు బస్టాండు పరిసరాలలోని ఏ మందుల దుకాణంలో అడిగినా నేడు వీటిలో ఒకటైనా దొరుకుతుంది. వ్యాధి లక్షణమే చికిత్సగా ఎలా మారింది? చక్కెరను తగ్గించేందుకు తయారైన మందు మూత్రపిండాలను, గుండెను కాపాడుతుందని ఎలా తెలిసింది? ఈ చరిత్ర తెలిస్తే ఆ మాత్రను ఎందుకు వేసుకోవాలో, ఎప్పుడు ఆపాలో సులభంగా అర్థమవుతుంది. అందుకే ఈ వ్యాసం.

మూత్రపిండంపై పడిన నింద

ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు మధుమేహ రోగుల మూత్రం తియ్యగా ఉంటుందని వ్రాశాడు. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ మూత్రాన్ని ఇగురబెట్టి, మిగిలిన పదార్థం చక్కెరేనని నిరూపించాడు. రోగుల రక్తంలో కూడా తీపి ఉందని ఆయన గమనించాడు. అయినప్పటికీ మూత్రం విపరీతంగా పోయే వ్యాధి కనుక దీనికి మూలం మూత్రపిండాలలోనే ఉన్నదన్న అభిప్రాయం చాలాకాలం నిలిచింది.

ఆ నిందను తొలగించిన వారిలో జర్మనీ వైద్యుడు జోసెఫ్ ఫాన్ మేరింగ్ ముఖ్యుడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆయన, ఆస్కార్ మింకోవ్‌స్కీ కలిసి ఒక కుక్కకు క్లోమగ్రంథిని పూర్తిగా తొలగించారు. ఆ కుక్కకు తీవ్రమైన మధుమేహం వచ్చింది. వ్యాధి మూలం క్లోమంలో ఉన్నదని ఆ ప్రయోగం తేల్చింది. దాని పర్యవసానమే 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ చేసిన ఇన్సులిన్ ఆవిష్కరణ.

అయితే అదే ఫాన్ మేరింగ్ దానికి మూడేళ్లు ముందుగా, 1886లో మరొక ప్రయోగం చేశాడు. మన కథకు మూలం ఆ ప్రయోగమే.

చేదు బెరడులో దొరికిన పదార్థం

1835లో ద కోనింక్, స్తాస్ అనే బెల్జియం రసాయన శాస్త్రజ్ఞులు ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి ఒక చేదు పదార్థాన్ని వేరుచేశారు. గ్రీకు భాషలో బెరడు, వేరు అనే అర్థాలు గల మాటలను కలిపి దానికి ఫ్లోరిజిన్ అని పేరు పెట్టారు. సింకోనా బెరడు చేదు, అది మలేరియా జ్వరాన్ని తగ్గిస్తుంది. విల్లో చెట్టు బెరడు చేదు, అదీ జ్వరానికి మందే. మన పల్లెల్లో నేలవేమును జ్వరానికి వాడినట్లే, చేదుగా ఉన్నది కనుక ఫ్లోరిజిన్ కూడా జ్వరాన్ని తగ్గిస్తుందని ఆనాటివారు ఆశించారు. కొంతకాలం ఆ విధంగానే వాడారు.

ఫాన్ మేరింగ్ ఫ్లోరిజిన్‌ను ఎక్కువ మోతాదులో ఇచ్చి చూసినప్పుడు మూత్రంలో చక్కెర పుష్కలంగా పోసాగింది. కాని రక్తంలో చక్కెర పెరగలేదు. అంటే ఇది క్లోమం తొలగించినప్పుడు వచ్చే మధుమేహం వంటిది కాదు. చక్కెరను మూత్రపిండాలే బయటకు వదిలివేస్తున్నాయి. ఆ తరువాత దశాబ్దాల పాటు శాస్త్రజ్ఞులు దీనిని ‘ఫ్లోరిజిన్ మధుమేహం’ అని పిలిచి, ప్రయోగశాలలో జంతువులకు కృత్రిమంగా మధుమేహం వంటి స్థితిని కలిగించేందుకు ఒక సాధనంగా వాడుకున్నారు. చేతిలో ఉన్నది చికిత్సకు దారి అని ఎవరికీ తోచలేదు. మూత్రంలో చక్కెర పోవడం అంటే కీడు అన్న భావన అంతగా పాతుకుపోయింది.

నేను వైద్య విద్య చదివిన కాలానికి కూడా ఆ భావన అలాగే ఉంది. పరీక్షనాళికలో ఐదు మిల్లీలీటర్ల బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం కలిపి, స్పిరిట్ దీపంపై కాచేవాళ్లం. నీలం రంగు మారకుంటే చక్కెర లేనట్లు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు, ఈ వరుసలో రంగు ముదిరేకొద్దీ చక్కెర ఎక్కువ. గ్లూకోమీటరు లేని తాలూకా ఆసుపత్రులలో ఆ రంగును చూసే మందు మోతాదు నిర్ణయించేవారు. ఇటుక ఎరుపు కనిపిస్తే రోగికి, వైద్యునికి ఇద్దరికీ గుండె జారేది.

మూత్రపిండం చక్కెరను ఎందుకు దాచుకొంటుంది?

మన రెండు మూత్రపిండాలలోను కలిపి దాదాపు ఇరవై లక్షల సూక్ష్మమైన వడపోత యంత్రాంగాలు ఉంటాయి. అవి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగడతాయి. ఆ ద్రవంతోపాటు ఆరోగ్యవంతులలో సుమారు 180 గ్రాముల గ్లూకోజు కూడా నాళికలలోకి జారుతుంది. అదంతా మూత్రంలో పోతే తిన్న అన్నంలో పెద్ద భాగం వృథా అయినట్లే. కనుక ఆ చక్కెరనంతటినీ తిరిగి రక్తంలోకి చేర్చే ఏర్పాటు నాళికల గోడలలో ఉంది.

ఈ పని చేసే ప్రోటీన్లను సోడియం-గ్లూకోజు వాహకాలు అంటారు. ఇవి ఉప్పులోని సోడియంను, చక్కెరను జతగా పట్టుకొని లోపలికి చేరుస్తాయి. నాళిక తొలిభాగంలో ఉండే రెండవ రకం వాహకం, అనగా ఎస్‌జీఎల్‌టీ-2, దాదాపు తొంభై శాతం చక్కెరను గ్రహిస్తుంది. మిగిలిన దానిని కొంచెం దిగువన ఉండే మొదటి రకం వాహకం, ఎస్‌జీఎల్‌టీ-1, గ్రహిస్తుంది. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఈ వాహకాల శక్తి చాలదు. అప్పుడే మిగులు చక్కెర మూత్రంలో కనిపిస్తుంది.

ఈ విషయాలన్నీ ఒకరోజులో తెలిసినవి కావు. ఫ్లోరిజిన్ మానవులలో కూడా నాళికలు చక్కెరను తిరిగి పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుందని 1933లో న్యూయార్క్‌లో హోమర్ స్మిత్ బృందం చూపింది. సోడియం, గ్లూకోజు జతగా ప్రయాణిస్తాయనే సిద్ధాంతాన్ని 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సమావేశంలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం మొదటి రకం వాహకపు జన్యువును గుర్తించింది. రెండవ రకం వాహకం 1990లలో బయటపడింది.

క్రేన్ సిద్ధాంతం ప్రయోగశాలలో ఆగిపోలేదు. మొదటి రకం వాహకం మన చిన్నప్రేవులలో విస్తారంగా ఉంటుంది. విరేచనాలు అవుతున్న బిడ్డకు ఉప్పు, పంచదార కలిపిన నీరు త్రాగిస్తే, ఈ వాహకం ఆ రెండింటినీ లోపలికి లాగుతుంది. వాటి వెంట నీరు కూడా వెళుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లం పనిచేసే రహస్యం ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబీస్ ఈ ద్రావణంతోనే వేలమంది ప్రాణాలు నిలిపారు. ఒకే కుటుంబానికి చెందిన రెండు వాహకాలలో ఒకదానిని ప్రోత్సహించడం విరేచనాలకు చికిత్స అయింది, రెండవదానిని అడ్డగించడం మధుమేహానికి చికిత్స అయింది.

అడ్డగించవచ్చునన్న ధైర్యం ఎలా వచ్చింది?

రెండు సంగతులు ఆ ధైర్యాన్ని ఇచ్చాయి. మొదటిది 1987లో రోసెట్టి, డిఫ్రాంజో బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం. క్లోమంలో అధికభాగం తొలగించి మధుమేహం కలిగించిన ఎలుకలకు ఫ్లోరిజిన్ ఇవ్వగా రక్తంలో చక్కెర సాధారణ స్థాయికి వచ్చింది. ఇన్సులిన్ మరింత ఇవ్వకుండానే ఇన్సులిన్ పట్ల కండరాల స్పందన కూడా మెరుగుపడింది. అధిక చక్కెర తానే ఒక విషంగా పనిచేసి ఇన్సులిన్ పనిని చెడగొడుతుందని, ఆ చక్కెరను ఏ దారిన బయటకు పంపినా మేలేనని ఆ ప్రయోగం తెలిపింది.

రెండవది ప్రకృతి చేసిన ప్రయోగం. కొన్ని కుటుంబాలలో ఎస్‌జీఎల్‌టీ-2 జన్యువు లోపించి పుట్టేవారు ఉంటారు. వారి మూత్రంలో పుట్టినది మొదలు చక్కెర పోతూనే ఉంటుంది. రక్తంలో చక్కెర మాత్రం సాధారణంగా ఉంటుంది. వారిలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా జీవితం గడుపుతారు. మూత్రపిండాలు చెడిపోవు. మూత్రంలో చక్కెర పోవడం దానంతటది కీడు కాదనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

అయినా ఫ్లోరిజిన్‌ను మాత్రగా ఇవ్వడం సాధ్యం కాలేదు. నోటి ద్వారా తీసుకుంటే ప్రేవులలోని ఎంజైములు దానిని విరగగొడతాయి. మిగిలినది కూడా సరిగా లోనికి వెళ్లదు. పైగా అది ప్రేవులలోని మొదటి రకం వాహకాన్ని కూడా అడ్డుకుంటుంది కనుక విరేచనాలు అవుతాయి. రెండవ రకాన్ని మాత్రమే అడ్డగించే, ప్రేవులలో చెడిపోని పదార్థం కావలసి వచ్చింది. జపాన్‌లో తనాబే సంస్థ 1990ల చివర టీ-1095 అనే పదార్థంతో ఈ దారిని తెరిచింది. ఆ తరువాత ఎంజైములకు లొంగని రసాయన బంధంతో డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రూపొందాయి.

అనుమతి మార్గం సాఫీగా సాగలేదు. డాపాగ్లిఫ్లోజిన్ ప్రయోగాలలో మూత్రాశయ, రొమ్ము క్యాన్సర్లు కొద్దిమందిలో ఎక్కువగా కనిపించాయన్న అనుమానంతో 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సలహా ఇచ్చే సంఘం దానిని తిరస్కరించింది. ఐరోపా 2012 నవంబరులో దానికి అనుమతి ఇచ్చింది. అమెరికాలో ఈ వర్గపు తొలి మందుగా 2013 మార్చిలో కానాగ్లిఫ్లోజిన్ అనుమతి పొందింది. మరింత సమాచారం సమర్పించిన మీదట 2014 జనవరిలో డాపాగ్లిఫ్లోజిన్, అదే ఏడాది ఆగస్టులో ఎంపాగ్లిఫ్లోజిన్ వచ్చాయి. ఆపిల్ బెరడు నుంచి మాత్ర వరకు 177 ఏళ్లు పట్టింది.

అనుమానం నుంచి పుట్టిన శుభవార్త

ఈ మందులు గుండెకు, మూత్రపిండాలకు మేలు చేస్తాయని తయారీదారులకు కూడా ముందుగా తెలియదు. అది బయటపడడానికి కారణం వేరొక మందుపై వచ్చిన అనుమానం. రోసిగ్లిటాజోన్ అనే మధుమేహ ఔషధం వలన గుండెపోట్లు పెరుగుతున్నాయని 2007లో డాక్టర్ స్టీవెన్ నిసెన్ ఒక విశ్లేషణ ప్రచురించాడు. దానితో 2008లో అమెరికా నియంత్రణ సంస్థ ఒక నియమం పెట్టింది. ఇకపై మధుమేహానికి వచ్చే ప్రతి కొత్త మందు గుండెకు హాని చేయదని పెద్ద ప్రయోగాలతో నిరూపించాలి.

ఆ నియమానికి లోబడి ఎంపాగ్లిఫ్లోజిన్‌ను 42 దేశాలలో గుండెజబ్బు ఉన్న 7,020 మంది మధుమేహ రోగులపై పరీక్షించారు. 2015 సెప్టెంబరులో స్టాక్‌హోమ్‌లో ఫలితాలు ప్రకటించినప్పుడు వైద్య లోకం ఆశ్చర్యపోయింది. హాని లేదని చూపడమే లక్ష్యమైన ప్రయోగంలో గుండె, రక్తనాళాల వ్యాధులతో మరణాలు 38 శాతం, గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరవలసి రావడం 35 శాతం తగ్గాయి.

ఆ తరువాత దృష్టి మూత్రపిండాలపైకి మళ్లింది. 2019లో వెలువడిన క్రెడెన్స్ ప్రయోగంలో మధుమేహం వలన మూత్రపిండాలు దెబ్బతిన్న 4,401 మందికి కానాగ్లిఫ్లోజిన్ గాని, మందులేని ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు. మూత్రపిండాలు పూర్తిగా విఫలం కావడం, క్రియాటినిన్ రెట్టింపు కావడం, మూత్రపిండాల లేక గుండె వ్యాధితో మరణం, ఈ ప్రమాదాలను కలిపి లెక్కించారు. వెయ్యిమందిని ఒక ఏడాది గమనిస్తే ఉత్తుత్తి మాత్ర తీసుకొన్నవారిలో సుమారు 61 మందికి, మందు తీసుకొన్నవారిలో సుమారు 43 మందికి ఈ ప్రమాదాలు సంభవించాయి. మేలు స్పష్టం కావడంతో ప్రయోగాన్ని గడువుకు ముందే ముగించారు.

2020లో డాపా-సీకేడీ ప్రయోగం మరొక మెట్టు ఎక్కింది. అందులో 4,304 మంది పాల్గొన్నారు. వారిలో దాదాపు మూడింట ఒక వంతు మందికి మధుమేహమే లేదు. అయినా వారికి కూడా మేలు కలిగింది. తరువాత 6,609 మందితో జరిగిన ఎంపా-కిడ్నీ ప్రయోగంలో సగానికి పైగా మధుమేహం లేనివారే. అక్కడా మూత్రపిండాల వ్యాధి ముదరడం, గుండెజబ్బు మరణాలు కలిపి 28 శాతం తగ్గాయి. చక్కెర వ్యాధికి పుట్టిన మందు మూత్రపిండాల వ్యాధికి మందుగా స్థిరపడింది.

మేలు ఎలా కలుగుతుంది?

మూత్రపిండాలు బలహీనపడినప్పుడు ఈ మందు చక్కెరను తగ్గించే శక్తి తగ్గిపోతుంది. వడగట్టే చక్కెరే తక్కువైనప్పుడు బయటకు పంపేది కూడా తక్కువే కదా. అయినా మూత్రపిండాలకు రక్షణ మిగిలే ఉంటుంది. కనుక ఈ మేలు చక్కెర తగ్గడం వలన మాత్రమే వచ్చినది కాదు.

ప్రధాన కారణం వడపోత గుచ్ఛాలలోని ఒత్తిడి. మధుమేహంలో తొలి నాళికలు చక్కెరతోపాటు సోడియంను కూడా అతిగా పీల్చుకుంటాయి. దిగువన ఉప్పు పరిమాణాన్ని కనిపెట్టే కణాల వద్దకు ఉప్పు తక్కువగా చేరుతుంది. వడపోత సరిగా జరగడం లేదేమోనని ఆ కణాలు పొరబడి, గుచ్ఛంలోకి రక్తం తెచ్చే ధమనికను వెడల్పు చేస్తాయి. లోపల ఒత్తిడి పెరిగి, ఏళ్లు గడిచేకొద్దీ గుచ్ఛాలు మచ్చకట్టి నశిస్తాయి. కాలువ తూమును అవసరానికి మించి ఎత్తివేస్తే పొలం గట్లు తెగిపోయినట్లే ఇది. ఎస్‌జీఎల్‌టీ-2ను అడ్డగిస్తే ఉప్పు ఆ కణాల వరకు చేరుతుంది. తూము మళ్లీ కిందికి దిగుతుంది.

అందువలననే మందు మొదలుపెట్టిన తొలి వారాలలో క్రియాటినిన్ స్వల్పంగా పెరగవచ్చు. అది ఒత్తిడి తగ్గినందుకు గుర్తు. ఆ మాత్రానికే భయపడి మందు మానివేయరాదు. పెరుగుదల ఎక్కువగా ఉంటే మాత్రం వైద్యులు కారణం వెదకాలి.

మన దేశానికి వచ్చిన తీరు

భారతదేశంలో మధుమేహ రోగులు సుమారు 10.1 కోట్ల మంది ఉన్నారని 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం అంచనా వేసింది. ఈ వర్గపు మందులు మన మార్కెట్టుకు వచ్చిన తొలినాళ్లలో మధ్యతరగతి వారికే అవి భారం. 2019లో గ్లెన్‌మార్క్ సంస్థ జపాన్‌లో పుట్టిన రెమోగ్లిఫ్లోజిన్‌ను ప్రపంచంలో మొట్టమొదటగా భారతదేశంలో విడుదల చేసి, మిగిలిన వాటికంటే తక్కువ ధరకు అమ్మింది.

అసలు మార్పు పేటెంట్ల గడువు ముగియడంతో వచ్చింది. డాపాగ్లిఫ్లోజిన్‌కు రక్షణగా రెండు పేటెంట్లు ఉండేవి. మొదటిది 2020 అక్టోబరులో ముగిసింది. రెండవది 2023 మే వరకు ఉన్నదని హక్కుదారు సంస్థ ఢిల్లీ హైకోర్టులో వాదించింది. ఒకే పదార్థానికి రెండు పేటెంట్ల రక్షణ కోరడంపై సందేహం వెలిబుచ్చిన న్యాయస్థానం 2020 నవంబరులో దేశీయ సంస్థల అమ్మకాలను ఆపడానికి నిరాకరించింది. 2021 జూలైలో ద్విసభ్య ధర్మాసనం కూడా అదే నిర్ణయాన్ని సమర్థించింది. ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చి 11న ముగిసింది. అంతవరకు ఒక్క మాత్ర సుమారు 60 రూపాయలు ఉండగా, కొన్ని దేశీయ సంస్థలు పది రూపాయల లోపే అమ్మడం మొదలుపెట్టాయి. నెలకు 1,800 రూపాయల మందు 300 రూపాయలకు దిగింది. తిరువూరు ప్రాంతపు మామిడి తోటలలో, పత్తి, మిరప చేలలో పనిచేసే కుటుంబానికి ఈ తేడా మందు కొనగలగడానికి, కొనలేకపోవడానికి మధ్యనున్న తేడా.

మన చుట్టూ ఉన్న ప్రశ్న

తిరువూరు పేరు వినగానే మూత్రపిండాల వ్యాధి గురించి తెలిసినవారికి ఏ.కొండూరు మండలం గుర్తుకు వస్తుంది. ఎన్టీఆర్ జిల్లాలో, తిరువూరు నియోజకవర్గంలోనే ఉన్న ఆ మండలపు తండాలలో ఎందరో లంబాడీ కుటుంబాలవారు మూత్రపిండాలు చెడిపోయి బాధపడుతున్నారు. అక్కడి భూగర్భ జలాలపై అనుమానంతో కృష్ణా జలాలను పైపుల ద్వారా అందించే పథకం చేపట్టారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇటువంటి సమస్యే దశాబ్దాలుగా ఉంది. కొబ్బరి, జీడి తోటల ఆ ప్రాంతం కోసం పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన మూత్రపిండాల పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఉద్దానంలో చాలామందికి మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేకుండానే వ్యాధి వస్తుంది. అందుకే దానిని కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అంటారు.

మరి మధుమేహం లేనివారికి కూడా ఈ మందు పనిచేస్తుంది కనుక తండాలలోని వారందరికీ ఇవ్వవచ్చునా? ఇక్కడ తొందరపాటు తగదు. డాపా-సీకేడీలో చేర్చుకొన్నవారందరికీ మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ అధికంగా పోతూ ఉండేది. ఉద్దానం తరహా వ్యాధిలో సాధారణంగా ఆల్బుమిన్ తక్కువగానే పోతుంది, దెబ్బ ప్రధానంగా నాళికలపై ఉంటుంది. ఎంపా-కిడ్నీలో మాత్రం వడపోత 20 నుంచి 45 మధ్య ఉన్నవారిని ఆల్బుమిన్‌తో నిమిత్తం లేకుండా చేర్చుకొన్నారు. వారికి కొంత ఆశ ఉన్నదని దీనిని బట్టి చెప్పవచ్చు. 2024 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఆల్బుమిన్ ఎక్కువగా ఉన్నవారికి ఈ మందును గట్టిగా, తక్కువగా ఉన్నవారికి మెత్తగా సిఫారసు చేశాయి. పైగా తండాలలోని వారు మే నెల ఎండలో చెమటోడ్చి పనిచేసేవారు. మూత్రం ఎక్కువ పోయేటట్లు చేసే మందు వారికి నీరసం, రక్తపోటు పడిపోవడం కలిగించవచ్చు. ఈ తరహా వ్యాధి ఉన్నవారిపైనే ప్రత్యేకంగా ప్రయోగాలు జరగాలి. మంచినీరు, నీడ, విశ్రాంతి, ముందస్తు పరీక్షలు, ఇవి ఏ మాత్రా భర్తీ చేయలేనివి.

మధుమేహం వలన మూత్రపిండాలు దెబ్బతింటున్నవారి సంగతి వేరు. వారికి ఈ మందు మేలు సందేహం లేనిది. విషాదమేమంటే ఆ దశలో వారికి ఏ బాధా తెలియదు. కాళ్లవాపు, ఆయాసం వచ్చి పెద్దాసుపత్రికి వెళ్లేసరికి వారానికి మూడు పర్యాయాలు డయాలసిస్ తప్ప దారి ఉండదు. కుటుంబంలో సంపాదించే మనిషి యంత్రానికి కట్టుబడిపోతాడు, అతని వెంట వెళ్లే మనిషి కూలి కూడా పోతుంది.

వాడేవారు తెలుసుకోవలసినవి

ఒక పెద్దాయన ఈ మందు వాడుతూ ప్రయోగశాల కాగితం పట్టుకొని నా వద్దకు వచ్చారు. “డాక్టరు గారండీ, రక్తంలో షుగరు తగ్గిందంటున్నారు గాని యూరిన్‌లో నాలుగు ప్లస్సులు వచ్చిందండీ. నాకు ముదిరిపోయిందండీ” అన్నారు. ఆయన భయం అర్థం చేసుకోదగినది. ఆయన తండ్రి కాలంలో నాలుగు ప్లస్సులంటే ప్రమాదమే. కాని ఈ మందు వాడేవారికి మూత్రంలో చక్కెర కనిపించి తీరుతుంది. మందు పనిచేస్తున్నందుకు అదే గుర్తు. వీరు రక్తపరీక్షను మాత్రమే ప్రమాణంగా తీసుకోవాలి.

మూత్రంలో చక్కెర పోతుంది కనుక జననేంద్రియాల వద్ద బూజు రోగం, దురద రావచ్చు. స్త్రీలలో ఇది ఎక్కువ. ప్రతిసారి నీటితో శుభ్రపరచుకొని పొడిగా ఉంచుకోవాలి. ఆ భాగంలో విపరీతమైన నొప్పి, వాపు, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. సిగ్గుతో ఆలస్యం చేయరాదు.

అరుదుగా వచ్చినా అతి ముఖ్యమైన ప్రమాదం కీటో ఆమ్లత. దీనిపై అమెరికా నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. సాధారణంగా ఈ స్థితిలో రక్తంలో చక్కెర మూడు, నాలుగు వందలు ఉంటుంది. ఈ మందు వాడేవారిలో చక్కెర అంతగా పెరగకుండానే రావచ్చు కనుక గుర్తించడం ఆలస్యమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి తీయడం, మగత కనిపిస్తే ఈ మందు వాడుతున్నట్లు వైద్యులకు తప్పక చెప్పాలి. అందుకే వాంతులు, విరేచనాలు, తీవ్రమైన జ్వరం ఉన్న రోజులలో, కఠినమైన ఉపవాసాలలో మాత్రను తాత్కాలికంగా ఆపాలి. శస్త్రచికిత్సకు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. మామూలుగా తినడం మొదలుపెట్టాక వైద్యుల సలహాతో తిరిగి వేసుకోవాలి. శివరాత్రి జాగరణలకు, రంజాన్ ఉపవాసాలకు ముందే వైద్యులను సంప్రదించండి. అన్నం, రొట్టె పూర్తిగా మానివేసే ఆహార పద్ధతులు కొన్నేళ్ల క్రితం మన ప్రాంతంలో బాగా ప్రచారం పొందాయి. అటువంటి ఆహారం, అతిగా మద్యం, ఈ మందు ఒకచోట చేరడం ప్రమాదకరం. ఇన్సులిన్ వాడేవారు చక్కెర బాగుందని తమంతట తాము ఇన్సులిన్ మానరాదు. మొదటి రకం మధుమేహంలోను, గర్భిణులలోను ఈ మందు వాడరాదు.

కానాగ్లిఫ్లోజిన్‌తో 2017లో వెలువడిన కాన్వాస్ ప్రయోగంలో పాదాలు, వ్రేళ్లు తొలగించవలసి రావడం ఎక్కువగా కనిపించింది. తరువాతి ప్రయోగాలలో అది స్పష్టంగా నిలువలేదు, 2020లో తీవ్ర హెచ్చరికను తొలగించారు. అయినా చెప్పులు లేకుండా చేలలో నడిచే మన రోగులు పాదాలను ప్రతిరోజు పరిశీలించుకోవడం మంచిది.

మరొక మాట. ఒకవైపు మూత్రపిండాలను కాపాడే మాత్ర వేసుకుంటూ, మరొకవైపు మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి సూదిమందులు వారం వారం వేయించుకోవడం ఒక చేత్తో కట్టి మరొక చేత్తో కూల్చడమే. రక్తపోటు మందులను కూడా మానరాదు. పైన చెప్పిన మూత్రపిండాల ప్రయోగాలలో దాదాపు అందరూ వాటిని వాడుతూనే అదనంగా ఈ మందు తీసుకొన్నారు.

అడగవలసిన రెండు పరీక్షలు

మీకు గాని, మీ ఇంటి పెద్దలకు గాని మధుమేహం ఉంటే ఏడాదికి ఒకసారైనా రెండు పరీక్షలు చేయించండి. ఒకటి రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే వడపోత సంఖ్య. రెండవది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. చక్కెర పరీక్ష మాత్రమే చేయించుకొని తృప్తిపడేవారే ఎక్కువ. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షను చాలామంది పేరైనా విని ఉండరు. మూత్రపిండాల వ్యాధి తొలి అడుగును బాధ తెలియకముందే పట్టి ఇచ్చేది అదే. ఆ రెండు సంఖ్యలు వ్రాసిన కాగితంతో వైద్యుల వద్దకు వెళ్లి, “నా మూత్రపిండాల కోసం ఈ రకపు మందు నాకు తగునా?” అని అడగండి. వడపోత 20 కంటే తక్కువకు పడిపోయిన తరువాత ఈ మందును కొత్తగా మొదలుపెట్టడం సాధారణంగా ఉండదు. కనుక ఈ ప్రశ్నకు ఒక గడువు ఉంది.

ఒక చేదు బెరడులోని పదార్థం వలన చక్కెర మూత్రంలో పోతుందని 1886లోనే తెలిసినా, అది మేలు చేయగలదని గ్రహించడానికి నూరేళ్లు పట్టింది. మాత్రగా మారడానికి మరో పాతికేళ్లు, పేదవారి చేతికి అందే ధరకు దిగడానికి ఇంకో పదేళ్లు. ఇప్పుడు ఆ మందు మన ఊరి దుకాణపు అరలోనే ఉంది. అవసరమైనవారికి అది సకాలంలో చేరడం ఆ రెండు పరీక్షలపై ఆధారపడి ఉంది.